ఎడమచేతిలో వాల్వు

ఈ కథలోని కొన్ని సంగతుల మీద నాకు పూర్తి నమ్మకం లేదు. ఆ యాంప్లిఫయరు ముందువైపు బిగించిన గుడ్డ ముదురాకుపచ్చదా, బూడిదరంగుదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఆ రోజు విశాఖలో ఎండ కాసిందని ఒకసారి, సముద్రం మీద మబ్బు పట్టిందని మరొకసారి అనిపిస్తుంది. ఈ కథను నేను ఇద్దరి దగ్గర విన్నాను. ఇద్దరూ తమ తమ భాగాలను ప్రేమతో పెంచి చెప్పినవారే. వారి మాటలకు నా ఊహలు ఎక్కడ అతుక్కున్నాయో, ఆ అతుకు ఇప్పుడు నాకే కనిపించదు. అయినా కథ నడక మారలేదనే అనుకుంటున్నాను.

హెప్సిబాకు వచ్చిన చిక్కు ఇది. యాంప్లిఫయరు పాడుతోంది. పాడి, ఆగిపోతోంది.

అసలే పాడకపోతే ఆమెకు భయం లేదు. మూగబోయిన పెట్టెను పలికించడం ఆమెకు అప్పటికే వచ్చు. ఇది అలాంటిది కాదు. స్విచ్చి వేయగానే లోపలి గాజు వాల్వులు ఒక్కొక్కటిగా నారింజరంగులోకి మేలుకునేవి. గిటారు తీగ మీటితే గది గోడలు కూడా చెవులు రిక్కించాయా అన్నంత నిండుగా పలికేది. కొంతసేపటికి అడుగునుంచి గుర్రుమని ఒక మూలుగు మొదలయ్యేది. అది పెరిగేకొద్దీ పెద్ద వాల్వుల లోపలి రేకులు కమ్మరికొలిమిలో ఇనుములాగా ఎర్రబడేవి. అంతలో ఫ్యూజు టప్పున పోయేది.

ఆ యాంప్లిఫయరు లెస్లీ గారిది. ఆయన రైలింజను డ్రైవరుగా పనిచేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి. పడుచుతనంలో రేవుకు వచ్చిన ఒక ఓడ వంటవాడి దగ్గర ఆ పెట్టెను సంపాదించారు. రైల్వే ఉద్యోగుల పాత క్లబ్బు హాలులో ఎన్ని పెళ్ళి విందులకు, ఎన్ని క్రిస్మసు రాత్రులకు దానితో గిటారు వాయించారో ఆయనకే లెక్క లేదు. ఆ హాలును మర్నాటినుంచి పడగొడతారు. ఆ సాయంత్రం అందులో చివరి కచేరీ. ఊళ్ళో కుర్రకారు దగ్గర కొత్తరకం యాంప్లిఫయర్లు ఉన్నాయి, అడిగితే ఇస్తారు. లెస్లీ గారు వద్దన్నారు.

"ఆ హాలు నన్ను ఈ గొంతుతోనే ఎరుగును. పోయేటప్పుడు ఇంకొకడి గొంతు అరువు తెచ్చుకుని పలకరించమంటారా?" అన్నారు.

హెప్సిబా ఆయనకు మాట ఇచ్చింది. "దీపాలు పెట్టేవేళకు మీ పెట్టె హాలులో ఉంటుంది అంకుల్. మీరు చొక్కా ఇస్త్రీ చేయించుకోండి చాలు." మాస్టారిని ఒక మాట అడగకుండానే ఇచ్చింది.

మాస్టారంటే జకరయ్య గారు. ఓడల మీద రేడియో ఆఫీసరుగా చాలాకాలం తిరిగి, పాత పోస్టాఫీసు దగ్గరి ఒక వీధిలో మరమ్మతు గది పెట్టుకున్నారు. రేవునుంచి, చర్చీలనుంచి, నాటక సమాజాలనుంచి పాత వాల్వు యంత్రాలన్నీ చివరికి ఆ గది గుమ్మం ముందుకే చేరేవి. ఆయన చేత తిట్టు తినడం ఊళ్ళో మెకానిక్కులకు ఒక పట్టా. శిష్యులను మాత్రం సులువుగా చేర్చుకునేవారు కాదు. చర్చి గానబృందంలో గిటారు వాయించే హెప్సిబా, కాలిపోయిన స్పీకరును ఒళ్ళో పెట్టుకుని ఒకనాడు వచ్చింది. బాగుచేసి ఇవ్వమని అడగలేదు. "ఇది ఎందుకు కాలిందో చెప్పండి," అంది. ఆ ప్రశ్న నచ్చి ఆయన పీట చూపించారు. అప్పటినుంచి ఆ పీట ఆమెదే.

ఆ ఉదయం లెస్లీ గారి పెట్టె గుమ్మంలోకి రాగానే మాస్టారు దాని వెనుక చెక్కను విప్పి చూడనుకూడా లేదు.

"ఇది నీది," అన్నారు హెప్సిబాతో. "నేను ముట్టను."

ఒక యంత్రాన్ని పూర్తిగా ఆమెకు వదలడం అదే మొదటిసారి. ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు. పనిబల్ల తుడిచింది, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. వెనుక చెక్క విప్పి, వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు బిగించి ఉన్న ఇనుప పళ్ళేన్ని పెట్టెలోంచి బయటికి లాగి, బల్లమీద పక్కకు వాల్చి నిలబెట్టింది. పాత దుమ్ము కాగిన వాసన, మైనం వాసన ఒక్కసారిగా గది నిండా లేచాయి. ఆ వాసనకు ఆమె నవ్వింది.

మాస్టారు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళో వేయించిన వేరుశనగకాయల పొట్లం పెట్టుకుని, వీధికేసి తిరిగి కూర్చున్నారు.

"పెద్ద వాల్వులు ముసలివైపోయాయి మాస్టారూ! ఎర్రగా కాలుతున్నాయి. ఇవే!" అని లోపలినుంచి అరిచింది.

"నీకు తెలియాలి," అన్నారు ఆయన, కాయ ఒలుస్తూ.

కొత్త జత వేసింది. తన గిటారు తగిలించి మీటింది. ఎంత గొప్పగా పలికిందంటే, ఎదుటి దర్జీకొట్టులో మిషను ఆగిపోయింది. చొక్కా ఇస్త్రీకి ఇచ్చి అప్పుడే తిరిగివచ్చిన లెస్లీ గారు గుమ్మంలోనే రెండు అడుగులు చిందేశారు.

"సిగ్నల్ పడిందిరా జాక్! లైన్ క్లియర్!"

"ఇంజను ఇంకా షెడ్డులోనే ఉంది," అన్నారు జకరయ్య గారు. ఆయనను జాక్ అని పిలిచే మనిషి ఊళ్ళో లెస్లీ గారు ఒక్కరే.

హెప్సిబా ఆ మాట వినిపించుకోలేదు. ఒక చెయ్యి గిటారు మీద, మరో చెయ్యి యాంప్లిఫయరు ఇనుప అంచు మీద. పళ్ళెం గుండా వస్తున్న ఆ సన్నని వణుకు అరచేతిలోకి ఎక్కుతుంటే ఆమెకు పట్టరాని సంతోషంగా ఉంది.

"ఏటే గుంటా," అన్నారు మాస్టారు వెనుదిరగకుండానే. "నీ ఎడమ చెయ్యి ఎక్కడుంది?"

ఆమె నాలుక కరుచుకుని ఆ చేతిని నడుము వెనక్కి పెట్టుకుంది. అది ఆ గది కట్టుబాటు. మూత తీసిన యంత్రంలో కరెంటు ఉన్నంతసేపు పనిచేసేది ఒక్క కుడిచెయ్యే. ఎడమ చెయ్యి వీపు వెనక ఉండాలి. ఒక చెయ్యి ఇనుముమీద ఉండగా రెండోది కరెంటుకు తగిలితే, ఆ కరెంటుకు గుండె మీదుగా దారి దొరుకుతుంది. ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు. కాని సంతోషం వచ్చినప్పుడు ఆమె చేతులు రెండూ ఒక్కటిగా ముందుకు దూకేవి. చిన్నప్పుడు చప్పట్లు కొట్టిన అలవాటో ఏమో. మాస్టారు అనడం, ఆమె చెయ్యి వెనక్కి పోవడం, అది కాసేపటికి మళ్ళీ బయటికి రావడం, ఆ గదిలో రోజూ జరిగేదే.

మూలుగు మొదలైంది. కొత్త వాల్వులు కూడా ఎర్రబడ్డాయి. ఫ్యూజు పోయింది.

లెస్లీ గారు చిందు మధ్యలో ఆగిపోయారు.

అక్కడినుంచి హెప్సిబా చేతులు ఆగలేదు. ఇది కాకపోతే అది. స్పీకరుకు వెళ్ళే తీగ మార్చింది. స్విచ్చి విప్పి తుడిచింది. మార్చిన ప్రతిసారీ "ఇదే మాస్టారూ, ఈసారి ఇదే!" అని కేక వేసింది. ప్రతిసారీ అది కొంతసేపు పాడింది. అదే ఆమెను మరింత రెచ్చగొట్టింది. గెలుపు ఎదురుగా వచ్చి నవ్వి పోతున్నట్టు ఉంది.

చివరికి గదిలో ఆ కొలత ఫ్యూజులు ఒక్కటి తప్ప అన్నీ అయిపోయాయి. దాన్ని పోగొట్టుకుంటే సాయంత్రం హాలులో వేయడానికి ఉండదు. అప్పుడామె ఒక పని చేసింది. పోయిన ఫ్యూజు ఒకటి తీసుకుని, కరెంటు తీగలోంచి లాగిన రాగిపోగును దాని చుట్టూ చుట్టింది. మన ఇళ్ళలో బోర్డు దగ్గర అందరూ చేసే పనే. కాసేపు ఆగకుండా నడిస్తే చాలు, ఈలోగా తప్పు ఎక్కడుందో పట్టేస్తానని అనుకుంది.

స్విచ్చి వేసింది. మూలుగు వచ్చింది. ఈసారి ఫ్యూజు పోలేదు. పోవలసినది పోకపోయేసరికి వేరొకటి పోయింది. మూలన ఉన్న ఒక వాల్వులో నీలిరంగు మెరుపు గాజంతా నిండి, చిటపటమని, ఆరిపోయింది.

అది రెక్టిఫయరు వాల్వు. గోడలోంచి వచ్చే కరెంటును ఒకే దిక్కుకు మళ్ళించి మిగిలిన వాల్వులన్నిటికీ అన్నం పెట్టేది అదే. అది పోతే పెట్టె అంతా పస్తే.

మాస్టారు లేచి లోపలికి వచ్చారు. ప్లగ్గు పీకేశారు. పట్టకారుతో ఫ్యూజును బయటికి తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నారు. రాగిపోగు తళతళమంది.

హెప్సిబా తిట్టు కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

ఆయన తిట్టలేదు. ఫ్యూజును బల్లమీద పెట్టి, మూల ఉన్న ట్రంకుపెట్టె తెరిచారు. అడుగునుంచి, పాత ఉన్నిమేజోడులో దాచిన ఒక వాల్వును తీశారు. అలాంటిదే. గాజు మీద గీతైనా లేదు.

"ఇది ఒక్కటే ఉంది," అన్నారు.

"మళ్ళీ దొరకదా మాస్టారూ?"

"మద్రాసులో ఎవడి దగ్గరైనా ఉంటే ఉంటుంది. సాయంత్రంలోగా మద్రాసు వెళ్ళొస్తావా?"

ఆమె కుడిచెయ్యి చాచింది.

"అది కాదు. ఆ చెయ్యి."

ఎడమ చెయ్యి చాచింది. ఆయన వాల్వును ఆ అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా దాని చుట్టూ ముడిచారు.

"పట్టుకో. కింద పెట్టకు. నేను చెప్పేదాకా సాకెట్టులోనూ పెట్టకు. ఇప్పుడు వెతుకు."

"చేతిలో ఇది పెట్టుకుని ఎలా వెతకను?"

"అది నన్నడుగుతావేటి? పెట్టె నీది."

ఆయన వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. ఈసారి వీధికేసి కాదు, గదిలోకి తిరిగి.

లెస్లీ గారు ఉండబట్టలేకపోయారు. "ఇదేం న్యాయం జాక్? అమ్మాయి చేతికి సంకెళ్ళు వేశావు. నా బండి లేటయిపోతోంది."

"నీ బండి ఏనాడు టైముకు వచ్చింది గనక? కూర్చో. కాయలు తిను."

హెప్సిబాకు మొదట కోపం వచ్చింది. ఇది శిక్షేనని అనుకుంది. నలుగురిలో గోడకుర్చీ వేయించినట్టు, అందరికీ కనబడేలా చేతిలో తన తప్పు పెట్టారని అనుకుంది. ఆ కోపంలోనే కరెంటు కొలిచే మీటరు అందుకుంది. ఎడమచేతిలో గాజు ఉందని గుర్తొచ్చి నెమ్మదించింది. బల్లకు తగిలితే పగులుతుంది. గట్టిగా పట్టుకుంటే విరుగుతుందేమో. వదులుగా పట్టుకుంటే జారుతుంది. ఒక చిన్న పిట్టను పట్టుకున్నట్టు పట్టుకోవలసి వచ్చింది.

పోయిన రెక్టిఫయరును కుడిచేత్తో సాకెట్టునుంచి ఊడదీసింది. రాగిపోగు లేని మంచి ఫ్యూజును వేసింది. ప్లగ్గు పెట్టింది. రెక్టిఫయరు లేదు కనక పెద్ద వాల్వులకు తిండి అందదు, కాబట్టి అవి ఎర్రబడవు. వాటి లోపలి వత్తులు మాత్రం వెచ్చగా వెలుగుతున్నాయి. ఇప్పుడు యంత్రం అరవదు, మూలగదు. పొద్దుటినుంచి ఆ గదిలో అంత నిశ్శబ్దం అదే మొదటిసారి.

ట్రాన్స్‌ఫార్మరు సరిగానే ఉంది. వత్తుల కరెంటు సరిగానే ఉంది.

తరువాత బయాస్ దగ్గరికి వచ్చింది. పెద్ద వాల్వులను వెనక్కి పట్టి ఉంచే చిన్న ఎదురు కరెంటును ఆ పనివాళ్ళు బయాస్ అంటారు. దానికి రెక్టిఫయరు వాల్వుతో పనిలేదు. ట్రాన్స్‌ఫార్మరునుంచి అది వేరే సన్నని దారిలో వస్తుంది. పొగరెక్కిన ఎద్దుకు ముక్కుతాడు ఎలాగో పెద్ద వాల్వులకు అది అలాగ. తాడు ఎంత సన్నమైనా, అది తెగితే ఎద్దు ఆగదు.

ఉదయమే హెప్సిబా దాన్ని కొలిచింది. సరిగా ఉండడం చూసి వదిలేసింది. ఇప్పుడు మళ్ళీ కొలిచింది. ఒంటిచేత్తో కొలవడం కష్టమై, మీటరు తీగలకు చివర కొక్కేలు తగిలించి, వాటిని ఆ చోట్లలో కరిపించింది. మీటరు సూది ఉండవలసిన చోటే నిలబడింది.

"బయాస్ బాగానే ఉంది," అంది నీరసంగా.

వేరే చోటికి మారాలంటే ఆ కొక్కేలు ఒంటిచేత్తో ఊడదీయాలి. అరచేయి చెమటపట్టి వాల్వు జారేలా ఉంది. అందుకని కాసేపు ఆగింది. ఆగి, చూడడానికి వేరే ఏమీ లేక, సూదినే చూస్తూ ఉండిపోయింది.

వీధిలో సోడాబండి వెళ్ళింది. లెస్లీ గారు కాయ ఒలిచారు. పెద్ద వాల్వుల వేడి మెల్లగా చుట్టుపక్కలకు పాకుతోంది.

సూది జారింది.

ముందు తన కన్ను చెదిరిందనుకుంది. వంగి దగ్గరగా చూసింది. జారింది. నిద్ర వస్తున్న పసివాడి తల వాలినట్టు, తెలిసీ తెలియకుండా, వెనక్కి వాలుతూనే ఉంది.

"మాస్టారూ!" అని కేక పెట్టింది. "వేడెక్కితే పోతోంది! చల్లగా ఉన్నప్పుడు ఉంది, వేడెక్కితే పోతోంది! పొద్దున నేను చూసినప్పుడు చల్లగా ఉంది మాస్టారూ, నేను చూసి వెళ్ళిపోయాను!"

"ఎవరు పోగొడుతున్నారు?" అన్నారు మాస్టారు కుర్చీలోంచే.

"చూస్తాను! ఇప్పుడే చూస్తాను!"

పెద్ద వాల్వుల సాకెట్టు పక్కనే, ఆ బయాస్‌ను నిలకడగా ఉంచే, కాటుకభరిణె అంత కండెన్సరు ఒకటి ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ వేడికి లోపలి రసం ఎండిపోయి ఉండాలి. దానికి ముందు ఎంత ఉందో, వెనుక ఎంత ఉందో తేలిస్తే దొంగ దొరికినట్టే. ఆమె ఒక కొక్కెం పీకి, ఆ మీటరు తీగ కొసన ఉండే లోహపు ముల్లును చేతిలోకి తీసుకుంది. చోటు ఇరుకు. పక్కనే ఖాళీగా ఉన్న రెక్టిఫయరు సాకెట్టు. రెక్టిఫయరు లేకపోయినా ఆ సాకెట్టు రేకులకు ట్రాన్స్‌ఫార్మరు నుంచి పెద్ద కరెంటు వస్తూనే ఉంటుంది. ఆమెకు అది తెలుసు. కాని ఆమె కళ్ళకు ఆ భరిణె తప్ప వేరేది కనబడడం లేదు. దొరికింది, దొరికింది.

ముల్లుతో నొక్కింది. పక్కకు వాల్చి నిలబెట్టిన ఇనుప పళ్ళెం ఆ ఒత్తిడికి ఊగింది. ఊగే వస్తువును ఎవరైనా ఏం చేస్తారు? రెండో చేత్తో పట్టుకుంటారు. ఆమె ఎడమ భుజం అప్పుడే ముందుకు కదిలింది, మోచెయ్యి లేచింది.

చేతిలో గాజు ఉంది.

ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ క్షణంలోనే ముల్లు జారింది. దానితోపాటు జారిన చూపుడువేలు ఖాళీ సాకెట్టు రేకుకు తగిలింది. నీలిరవ్వ ఒకటి చిట్లింది. వేలి కొసనుంచి, ఇనుప అంచుమీద ఆనిన అదే అరచేతి మొదలుదాకా కాల్చిన సూది గుచ్చినట్టు మంట పాకింది. ఆమె చెయ్యి దానంతట అదే వెనక్కి విసురుగా వచ్చింది.

మంట మణికట్టు దాటలేదు.

లెస్లీ గారు లేచి నిలబడ్డారు. ఒళ్ళోని కాయలు నేలపాలయ్యాయి. జకరయ్య గారు అప్పటికే గోడ దగ్గర ఉన్నారు, స్విచ్చి మీద చెయ్యి వేసి.



హెప్సిబా ముందు కుడిచేతి వేలిని చూసుకుంది. కొస తెల్లబడి కమిలింది. తరువాత చాలాసేపు ఎడమచేతిని చూసుకుంది. వేళ్ళు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. వాటి మధ్య వాల్వు చెక్కుచెదరకుండా ఉంది. ఆమె కళ్ళు ఆ గాజుమీదినుంచి ఇనుప పళ్ళెం అంచు మీదికి వెళ్ళాయి, అక్కడినుంచి మళ్ళీ గాజు మీదికి వచ్చాయి.

ఆమె మాస్టారి ముఖం చూసింది. ఆయన పక్కచూపు చూస్తున్నారు.

"కండెన్సరు మార్చు," అన్నారు. "అటువంటివి సొరుగులో ఉన్నాయి."

"ఒక్క చేత్తో సోల్డరు పెట్టి అతకలేను మాస్టారూ."

ఆయన ప్లగ్గు పూర్తిగా పీకి, తీగను బల్ల మీదికి తెచ్చి ఆమెకు కనబడేలా పెట్టారు. తరువాత తన ఎడమ చెయ్యి చాచారు. ఆమె వాల్వును అందులో పెట్టింది. ఆమె పని అయ్యేదాకా ఆయన దాన్ని అలా పట్టుకునే పక్కన నిలబడ్డారు.

కొత్త కండెన్సరు అమరింది. సోల్డరు చల్లారింది. ఊడదీసిన మీటరు కొక్కేన్ని ఆమె మళ్ళీ కరిపించింది. మాస్టారు వాల్వును తిరిగి ఇచ్చారు. అది రెండు చేతుల వేడితో వెచ్చగా ఉంది. హెప్సిబా దాన్ని సాకెట్టులో కూర్చోబెట్టి, ప్లగ్గు పెట్టింది. స్విచ్చి వేసింది. ఎడమ చెయ్యి నడుము వెనక్కి పోయింది. దాన్ని పొమ్మని ఎవరూ అనలేదు.

వాల్వులు మేలుకున్నాయి. లెస్లీ గారు గిటారు అందుకున్నారు. తొలి తీగ పలికింది. ఎదుటి దర్జీ మిషను మళ్ళీ ఆగింది. మూలుగు వచ్చే వేళయింది. రాలేదు. పెద్ద వాల్వుల రేకులు నల్లగా, చల్లని ముఖంతో అలాగే ఉన్నాయి.

"హల్లెలూయా!" అన్నారు లెస్లీ గారు. "రిక్షా పిలవండి! ఎక్కించండి!"

మాస్టారు హెప్సిబా వైపు చూశారు. "ఎక్కిద్దామా?"

సంతోషంతో ఆమె ముఖం వెలిగిపోతోంది. పెదవులు బిగబట్టి సూదిని చూస్తోంది.

"ఇంకాసేపు," అంది.

మాస్టారు నేలమీద పడిన కాయలు ఏరుకుంటూ ఉండిపోయారు.

దీపాలు పెట్టేవేళకు పెట్టె హాలులో ఉంది. ఎక్కడెక్కడినుంచో జనం వచ్చారు. ఒకప్పుడు అక్కడ పెళ్ళి విందులు చేసుకున్నవాళ్ళు మనవలను ఎత్తుకుని వచ్చారు. గార్డులు, ఫైర్‌మన్లు, టికెట్లు చూసినవారు, వాళ్ళ భార్యలు, ఆ నేలమీద మొదటి అడుగులు నేర్చుకున్న ఆడపడుచులు. ఇస్త్రీ చొక్కాతో లెస్లీ గారు వేదిక ఎక్కి తీగలు మీటారు. ఆ గొంతు హాలంతటా పరుచుకుంది. ఒక్కసారిగా ఎవరో ఏడ్చారు, ఎవరో ఈల వేశారు, ఆ తరువాత అందరూ లేచి ఆడారు. చెక్కనేల దడదడలాడింది. రేపు కూలబోయే పైకప్పునుంచి సున్నం పెచ్చులు రాలి ఆడేవాళ్ళ జుట్టులో పడుతుంటే దులుపుకోవడం కూడా మానేశారు.

హెప్సిబా యాంప్లిఫయరు వెనుక నేలమీద కూర్చుని ఉంది. ఆమె పక్కన మాస్టారు కుర్చీలో ఉన్నారు.

చివరి పాట వచ్చింది. జనం "ఇంకా గట్టిగా!" అని కేకలు వేస్తున్నారు. లెస్లీ గారి నుదురు చెమటతో మెరుస్తోంది. ఆయన శబ్దం పెంచే మీట మీద చెయ్యి వేసి, ఆ గోలలో వెనక్కి తిరిగి అరిచారు.

"జాక్! ఇంకా పెంచనా? తట్టుకుంటుందా?"

జకరయ్య గారు తల అడ్డంగా ఊపారు.

"నన్నడగకు. ఆమెనడుగు."

లెస్లీ గారు హెప్సిబా వైపు చూశారు. హాలంతా కాళ్ళతో నేల తడుతోంది. ఆమె వంగి, వెనుక చెక్క సందులోంచి పెద్ద వాల్వులను చూసింది. తొందరపడలేదు. జనం మరొకసారి కేక వేశారు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. అప్పుడు తలెత్తింది.

"పెంచండి అంకుల్," అంది.

ఆ తరువాత ఆ హాలులో మోగిన పాటను వర్ణించడానికి నేను ప్రయత్నించలేదు, అది నా చేతకాదు. కాని చేతనై కూడా వదిలేసినది ఒకటి ఉంది. కొన్నాళ్ళ తరువాత హెప్సిబా మాస్టారిని అడిగింది, ఆ రోజు వాల్వును తన చేతిలో ఎందుకు పెట్టారని. ఆయన ఒక మాటలో జవాబు చెప్పారు. ఆ మాట ఆమె నాకు చెప్పింది. నాకు అది అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. కావాలనే ఇక్కడ రాయలేదు.